లోహములకు గూళ్లు కట్టు విద్య

కరక్కాయలను నలుగగొట్టి నీటిలో కాచి, ఆ కషాయమునందు కొంచెము అన్నభేది పొడి కలిపినచో, చూచుచుండగనే నీరు నల్లబడును. మన దేశమున పూర్వము ఈ విధముగనే సిరా చేసికొనెడివారు. కషాయపు రంగు నలుపు కాదు. అన్నభేది లేతపచ్చని స్ఫటికము. ఈ రెంటిలో దేనియందును లేని నలుపు రెండును కలిసినప్పుడు ఎచ్చటనుండి వచ్చినది? అన్నభేదియందు ఇనుము కలదు. కరక్కాయకు వగరునిచ్చు పదార్థమునందు ఆమ్లజని పరమాణువులు పక్కపక్కన పొందికగా అమరియున్నవి. అవి ఇనుమును పట్టుకొనును. పట్టుబడిన ఇనుము తన వెనుకటి రంగును విడిచి క్రొత్త రంగును పొందును. గాలి సోకినకొలది ఆ నలుపు మరింత చిక్కబడును.

ఈ వ్యాసము ఆ పట్టును గూర్చినది. లోహమును పట్టుకొను చేతులను రసాయన శాస్త్రజ్ఞులు తమకు కావలసిన తీరున ఎట్లు తయారుచేయుచున్నారు, వానితో లోహములకు గూళ్లను, ఇతర పదార్థములకు పంజరములను ఎట్లు కట్టుచున్నారు అను సంగతిని మన విద్యార్థులకును, చదువుటకు తీరిక గల తల్లిదండ్రులకును తెలుపవలెనని నా కోరిక.

ముందుగా మాటలను గూర్చి ఒక మాట. మన పిల్లలు ఇంటను బడిలోను తెలుగు వినుచు, బజారునందును కచేరీలయందును మరాఠీ వినుచు పెరుగుచున్నారు. విజ్ఞాన శాస్త్రమున ఈ రెండు భాషల నడుమ ఒక చిక్కు కలదు. తెలుగు పుస్తకములలో మూలకముయొక్క మిక్కిలి చిన్న కణమును పరమాణువు అందురు; అట్టివి కొన్ని కూడి ఏర్పడినదానిని అణువు అందురు. మరాఠీ పుస్తకములలో మొదటిదానికే ‘అణు’ అని పేరు, రెండవది ‘రేణు’. కావున తెలుగు అణువు వేరు, మరాఠీ అణువు వేరు. పదియవ తరగతి ముగించి మరాఠీ కళాశాలలకు పోవువారు ఈ భేదమును ఇప్పుడే గుర్తుంచుకొనవలెను. లేనియెడల, నీటి అణువునందు మూడు పరమాణువులు కలవని ఇచ్చట చక్కగా నేర్చినవాడు అచ్చట అదే మాటను అదే పదములతో చెప్పి తప్పు మార్కు తెచ్చుకొనును. ఈ వ్యాసమునందు తెలుగు వాడుకనే గ్రహించితిని. జింకును యశదమని వ్రాసితిని. బజారులో దానినే మరాఠీవారు జస్త అందురు.

ఇక విషయమునకు వత్తము. మైలుతుత్తమును నీటిలో కరగించినచో లేతనీలి ద్రావణము వచ్చును. దానియందు అమ్మోనియా నీటిని కొంచెము పోయగనే మసక నీలపు మడ్డి ఏర్పడును. మరికొంత పోయగా మడ్డి కరిగి, నెమలి కంఠమువంటి గాఢనీలము ప్రకాశించును. రాగి పరమాణువు చుట్టు నాలుగు అమ్మోనియా అణువులు చేరి, తమ నత్రజని కొనలతో దానిని పట్టుకొనుటయే ఈ మార్పునకు కారణము. ఈ విధముగ లోహమును చుట్టి పట్టుకొను అణువులకు ‘లైగాండు’లని పేరు. కట్టుట అను అర్థము గల లాటిను మాటనుండి ఈ పేరు పుట్టినది. లోహము చుట్టు లైగాండులు ఇష్టము వచ్చినట్లు మూగవనియు, ఇన్ని అని లెక్క కలిగి నియతమైన దిక్కులయందే నిలుచుననియు 1893లో ఆల్ఫ్రెడ్ వెర్నర్ ప్రతిపాదించెను. అప్పటికి ఆయన వయస్సు 26 ఏండ్లు. పరమాణువులను కంటితో చూచు సాధనములేవియు లేని కాలమది. 1913లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను.

అమ్మోనియా ఒంటిచేతి లైగాండు. రెండు చేతులు గలవియు, ఆరు చేతులు గలవియు ఉన్నవి. ఎండ్రకాయ తన ముందుకాళ్లతో పట్టకారువలె పట్టుకొనునట్లు ఇవి లోహమును రెండు వైపుల బిగించును. ఒక చేయి జారినను రెండవది విడువదు. జారిన చేయి దూరము పోలేదు గనుక మరల వచ్చి పట్టుకొనును. అయినను ఇట్టి గొలుసు అణువులకు రెండు కొనలుండును. కొననుండి ఒక్కొక్క చేయి ఊడుచు వచ్చినచో తుదకు లోహము బయటపడును. కొనలే లేకుండ చేసినచో? గొలుసు రెండు కొనలను కలిపి వలయముగ మూసినచో? ఇదియే ఈ విద్యకు మూలమైన ఆలోచన. అట్టి పెద్ద వలయపు లైగాండులను బృహద్వలయములని పిలుచుకొందము.

నిజమునకు ఈ ఆలోచన మనుష్యుని సొంతము కాదు. మన నెత్తుటియందు ప్రాణవాయువును మోయు పదార్థములో నాలుగు నత్రజనులు లోపలికి చూచుచుండు ఒక వలయము కలదు; దాని నడుమ ఇనుము కూర్చున్నది. ఆకులకు పచ్చదనమునిచ్చు పత్రహరితమునందు అట్టిదే మరియొక వలయము, నడుమ మెగ్నీషియము. బి12 విటమినునందు వలయము కొంచెము చిన్నది, నడుమ కోబాల్టు. ఈ విటమిను నిర్మాణమును డొరొతీ హాడ్జ్‌కిన్ అను విదుషి ఎక్సు కిరణములతో పరిశోధించి 1956లో వెల్లడించెను. 1964లో నోబెల్ బహుమానమును పొందెను. ఎరుపు, పచ్చ, మరల ఎరుపు: వలయముల పోలిక ఒక్కటే, కూర్చున్న లోహము వేరు, వలయపు చిన్న చిన్న మార్పులు వేరు, పనియు వేరు.

ప్రయోగశాలలో ఇట్టి వలయముల యుగము అనుకోని విధముగ తెరచుకొనెను. చార్లెస్ పెడర్సన్ 1904లో కొరియాలోని పుసాన్‌లో జన్మించెను. తండ్రి నార్వే దేశీయుడు, తల్లి జపాను దేశీయురాలు. ఆయన అమెరికాలోని డ్యూపాంట్ సంస్థలో పనిచేసెను. డాక్టరేటు పట్టము లేదు. వనేడియము అను లోహమును పట్టుకొను లైగాండును చేయబోగా ఆయనకు జిగురువంటి మడ్డితోపాటు కొద్దిగా తెల్లని స్ఫటికములు వచ్చెను. వేసిన పదార్థములో నూటికి ఒక పాలు కూడ కాదు, 0.4 పాలు మాత్రమే. చెత్తయని పారవేయుటకు తగినంత కొంచెము. పెడర్సన్ పారవేయక పరీక్షించెను. కర్బన, ఆమ్లజని పరమాణువులతో కూడిన వలయమది. దాని నడిమి రంధ్రమునందు పొటాషియము అచ్చుగ్రుద్దినట్లు ఇమిడెను. కిరీటమును పోలియున్నదని దానికి కిరీట ఈథరు అని పేరు పెట్టి, 1967లో ప్రకటించెను.

ఇంటిలో గుండ్రని అడుగు గల కుండను నిలుపుటకు కుదురు వాడుదుము గదా. కుదురు చిన్నదైనచో కుండ దానిపై ఊగును. పెద్దదైనచో లోనికి దిగజారును. సరిపోయినదే కదలక నిలుచును. కిరీట ఈథరులందు జరుగునది ఇంచుమించుగ ఇదియే. ఒక సెంటీమీటరును 10 కోట్ల భాగములు చేయగా వచ్చు ఒక భాగమునకు ఆంగ్‌స్ట్రామ్ అని పేరు. పెడర్సన్ చేసిన వలయముయొక్క రంధ్రము 2.6 మొదలు 3.2 ఆంగ్‌స్ట్రాములు, పొటాషియము అయాను వ్యాసము సుమారు 2.7, సోడియముది 2కు మించదు. అందుచే ఆ వలయము సోడియముకంటె పొటాషియమునే గట్టిగ పట్టుకొనును. బావులలో వేయు పొటాషియం పర్మాంగనేటు నీటిలో కరగునే గాని బెంజీనునందు కరగదు. కిరీట ఈథరును కలిపినచో అది బెంజీనునందును కరిగి దానిని ఊదారంగుగ మార్చును. పొటాషియము కుదురునందు కూర్చున్నందున, బయటి బెంజీనునకు కనబడునది లోహము కాదు, వలయపు నూనెవంటి అంచు. పెడర్సన్ వలయము చదునైనది. ఫ్రాన్సు దేశపు జాఁ మరీ లేన్ 1969లో దానికి మూడవ వంతెన కట్టి అన్ని వైపుల మూసిన గూడు చేసెను. అమెరికాలో డొనాల్డ్ క్రామ్ లోహము రాకముందే గట్టిగ నిలిచియుండు గూళ్లను నిర్మించెను. ఈ మువ్వురకును 1987లో నోబెల్ బహుమానము పంచి యీయబడెను. అప్పటికి పెడర్సన్‌కు 83 ఏండ్లు.

“ఇది చదివి మాకేమి లాభము?” అని తల్లిదండ్రులు అడుగుట సహజమే. మూసిన వలయమునకును తెరచిన గొలుసునకును గల భేదము ప్రాణములకు సంబంధించిన తావు ఒకటి కలదు. పెద్ద ఆసుపత్రులలో ఎం.ఆర్.ఐ. పరీక్ష చేయునప్పుడు లోపలి భాగములు స్పష్టముగ కనబడుటకై కొందరికి నరమునందు ఒక మందు ఎక్కింతురు. ఆ మందులోని లోహము గాడోలినియము. పరీక్షకు అది మిక్కిలి తగినది. కాని విడిగా శరీరమున తిరుగ విడిచినచో విషము, ఏలయన దాని పరిమాణము కాల్షియమునకు దగ్గర, కాల్షియము చేయవలసిన పనులకు అది అడ్డుపడును. కనుక దానిని ఒక లైగాండునందు బంధించియే ఎక్కింతురు. పని ముగియగనే ఆ బంధముతోనే మూత్రము ద్వారా వెడలిపోవలెను. ఈ మందులు రెండు తెగలు: తెరచిన గొలుసుతో బంధించినవి, మూసిన వలయముతో బంధించినవి. మూత్రపిండములు చెడిన కొందరు రోగులకు చర్మము గట్టిపడి కీళ్లు బిగుసుకొను వ్యాధి వచ్చుటకు ఈ మందులకు సంబంధమున్నట్లు 2006లో తెలియవచ్చెను. ముఖ్యముగ గొలుసు తెగకు చెందినవానితో. పిమ్మట మెదడునందును కొంత లోహము నిలిచిపోవుట కనబడెను. 2017లో ఐరోపా ఔషధ సంస్థ గొలుసు తెగ మందులలో పెక్కింటి వాడుకను నిలుపవలెనని సిఫారసు చేసి, వలయపు మందులను ఉంచెను. వలయపు మందులలో ఒక దానియందు నాలుగు నత్రజనులు గల వలయమును, దానికి నాలుగు చేతులును కలవు. ఎనిమిది వైపుల పట్టు. ఇట్టి పరీక్షకు పోవువారు తమకు మూత్రపిండముల జబ్బు ఉన్నచో ముందే వైద్యునకు చెప్పుట మరువరాదు.

ఇంతవరకు ఒక వలయము, ఒక లోహము. ఇకమీద కథ రసవంతమగును. ఒక్క లోహము చేయలేని పనిని రెండు మూడు లోహములు దగ్గరదగ్గర కూర్చుండి చేయుట ప్రకృతియందు కలదు. చేనిలో చల్లిన యూరియాను విడగొట్టి అమ్మోనియాగ మార్చునది యూరియేసు అను ఎంజైము. దాని గర్భమున రెండు నికెలు పరమాణువులు పక్కపక్కన ఉన్నవి. ఆకులందు నీటిని చీల్చి ప్రాణవాయువును విడుదల చేయు తావున నాలుగు మాంగనీసులు, ఒక కాల్షియము ఆమ్లజనులతో అల్లుకొని యున్నవి. ఇట్టి లోహపు గుంపును లోహగుచ్ఛమని అందము. గుచ్ఛమును చేతితో ఏర్చి కూర్చలేము. లోహములను నీటిలో కలిపి వదలినచో అవి తమ ఇష్టము వచ్చినట్లు కూడును. ఎన్ని లోహములు, ఎంత దూరమున, ఏ ముఖమున నుండవలెనో ముందే నిర్ణయింపవలెనన్న, వానికి ఆసనములను ముందే వేసియుంచవలెను.

ఆస్ట్రేలియాలో రిచర్డ్ రాబ్సన్ అను శాస్త్రజ్ఞుడు పిల్కింగ్‌టన్‌తో కలిసి 1970లో అట్టి వలయమును ప్రకటించెను. దానిలో రెండు గూళ్లు ఆనుకొనియున్నవి. నడుమ రెండు ఆమ్లజనులు ఉమ్మడి గోడవలె నిలిచినవి. రెండు లోహములు రెండు గదులలో కూర్చుండి ఒకే గోడను పంచుకొనును. ఈ రాబ్సన్ పేరును జ్ఞప్తియందుంచుకొనుడు, తిరిగి రానున్నాడు.

రెండునుండి ఏడునకు పోవుదము. కెనడాలోని వాంకూవరునందు బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయమున మార్క్ మెక్లాక్లన్ వర్గమువారు 2006లో వెల్లడించిన వలయమిది. దీని పథకము మన తొమ్మిదవ తరగతి క్షేత్రగణితముతోనే తెలియును. బెంజీను అణువు ఆరు భుజముల పలక. పలకపై పక్కపక్క మూలలనుండి రెండు చేతులు చాచినచో వాని నడుమ కోణము 60 అంశలు. ఎదురెదురు మూలలనుండి చాచినచో అవి ఒకే రేఖపై నుండును, అనగా 180 అంశలు. ఇప్పుడు రెండు జాతుల పలకలను తీసికొందము. మొదటి జాతికి పక్కపక్క మూలల రెండు నత్రజని చేతులు. ఇది ‘మూల’ ముక్క. రెండవ జాతికి ఎదురెదురుగా రెండు ఆల్డిహైడు చేతులు. ఇది ‘భుజము’ ముక్క. మూల ముక్కలు 60 అంశల వంపు నిచ్చును, భుజపు ముక్కలు తిన్నగ సాగును. 60 అంశల మూలలు ఎన్ని యున్నచో ఆకారము మూసుకొనును? మూడు. త్రిభుజమునందలి మూడు కోణములు కలిసి 180 అంశలని యూక్లిడ్ కాలమునుండి తెలిసినదే. కావున మూడు మూలలు, మూడు భుజములు కలిసి సమబాహు త్రిభుజమువంటి వలయమగును. అణువులు యూక్లిడ్‌ను చదువలేదు, అయినను తప్పించుకొనలేవు.

నత్రజని చేయి ఆల్డిహైడు చేతిని కలిసినచోట ఒక నీటి అణువు ఊడి, గట్టి ముడి పడును. హ్యూగో షిఫ్ 1864లో కనుగొన్న ముడి యిది. మూడు మూలలు, మూడు భుజములు; ఆరు ముడులు, ఆరు నీటి అణువులు. ఈ ముడియొక్క సుగుణమేమనగా, పడిన పిమ్మట మరల విప్పుకొనగలదు. ముక్కలు వంకరగ కూడి, మూసుకొనని గొలుసుగ పెరిగినచో ముడి విప్పుకొని మరల ప్రయత్నించును. సరిగ మూసుకొనిన త్రిభుజము నిలుకడగ నిలుచును. తప్పును దిద్దుకొను అవకాశము లేని ముడితో ఇట్టి పెద్ద వలయమును కట్టబూనినచో పెడర్సన్‌కు వచ్చినట్లు నూటికి అర పాలే చేతికి దక్కియుండును.

భుజపు ముక్కలపై లోపలి వైపు రెండేసి హైడ్రాక్సిల్ గుంపులను ముందే అమర్చియుంచిరి. వలయము మూసుకొనిన పిమ్మట చూడుడు: ప్రతి మూలవద్దను రెండు నత్రజనులు, రెండు ఆమ్లజనులు ఒక గూడుగ ఏర్పడినవి; అట్టి గూళ్లు మూడు. నడుమ ఆరు ఆమ్లజనులు చుట్టుకొనియున్న ఖాళీ చోటు, పెడర్సన్ కిరీటమును పోలినది. గూళ్లను లెక్కించువాడెవడైనను మూడు లోహములు పట్టునని చెప్పును. యశదపు అసిటేటును తగినంతగ కలిపినప్పుడు కూర్చున్నవి మూడు కాదు, ఏడు. మూడు యశదములు మూడు గూళ్లలో కుదురుకొనినవి. మిగిలిన నాలుగును నడిమి చోటున ఒక ఆమ్లజని పరమాణువు చుట్టు గుమికూడి, అసిటేటు చేతుల సాయముతో వలయమును అంటి నిలిచినవి. ఆ బరువున వలయము చదునుతనమును వీడి గిన్నెవలె వంగినది. నాకు ఈ విద్యలో మిక్కిలి నచ్చినది ఈ ఘట్టమే. పథకము వేసినవాడు ఆసనములను వేసెను. సభకు వచ్చినవారు తమ చోటును తామును కల్పించుకొనిరి. పథకము వ్యర్థము కాలేదు, ఏలయన ఆ నాలుగింటి గుంపును నిలిపినది ఆ త్రిభుజమే. కాని పథకమే సర్వమనుటయు సరికాదు.

యశదమునకు బదులు కాడ్మియముతో కట్టిన అట్టి గిన్నెలు జతపడి మూతగల భరిణెలుగ ఏర్పడుచున్నవని అదే వర్గమువారు 2010లో తెలిపిరి. ద్రావణమునందు ఈ భరిణెలు నిలకడగ నుండవు. విడిపోవుచు మరల కూడుచు నుండును. ఈ గిన్నెలతో నేడు బజారులో కొనదగిన వస్తువేదియు తయారగుట లేదని కూడ చెప్పవలెను. కాడ్మియము విషలోహము గనుక అట్టి వస్తువు వచ్చినను ఇంటిలోనికి రాదు. ఇవి ఎట్లు కట్టవలెనో నేర్పు పాఠములు.

మనవారి సంగతియు చెప్పవలెను. 1956 వరకు మన నాందేడు జిల్లా హైదరాబాదు రాష్ట్రములోనిది. ఆ రాష్ట్రపు ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివిన వాడపల్లి చంద్రశేఖర్, బెంగుళూరునందు పరిశోధన ముగించి, కాన్పూరు ఐ.ఐ.టి.లో ఆచార్యులుగ చిరకాలము పనిచేసిరి. వారికి 2003లో భట్నాగర్ బహుమానము లభించెను. వారు ఎక్కువగ పనిచేసిన లోహములలో తగరము ఒకటి. మన ఇత్తడి గిన్నెలకు కళాయి పూయు తగరమే. తగరపు సమ్మేళనమొకదానిని తగిన ఆమ్లముతో కలిపి కాచుచు, పుట్టిన నీటిని ఎప్పటికప్పుడు తొలగించుచు పోయినచో, ఆరు తగరములు, ఆరు ఆమ్లజనులు కూడి ఒక డోలు ఆకారమున అమరును. డోలు రెండు ముఖములును మూడేసి తగరములు, మూడేసి ఆమ్లజనులు గల వలయములు. డోలు చుట్టు ఆరు ఆమ్లపు చేతులు త్రాళ్లవలె బిగించియుండును. ఆ ఆరు త్రాళ్ల కొనలకు మనము ఏది కట్టిన అది డోలు చుట్టు నిలుచునుగదా! 2000లో వారి వర్గము ఇనుము గల ఫెరోసీను గుంపులను ఆరింటిని అట్లు నిలిపెను. 2005లో నెత్తుటి వలయపు జాతికి చెందిన పోర్ఫిరిన్ వలయములను ఆరింటిని నిలిపెను. ఇచ్చట వలయము లోపల లోహగుచ్ఛము లేదు. లోహగుచ్ఛము చుట్టు వలయములున్నవి. కెనడా పథకమును తిరగవేసినట్లున్నది. నడుమ తగరపు పంజరము, చుట్టు ఆరు ఖాళీ గూళ్లు, ఒక్కొక్క దానియందు ఒక్కొక్క లోహమునకు చోటు.

మన రాష్ట్ర రాజధానియందే మరియొక తెలుగువారు ఈ పని చేసిరి. ముంబయి ఐ.ఐ.టి.లో ఆచార్యులుగ పనిచేసిన చేబ్రోలు పుల్లారావు కాలిక్సరీనులను చేపట్టిరి. ఫినాలు, ఫార్మాల్డిహైడు కలిసినచో నల్లని విద్యుత్ స్విచ్చులు చేయు బేకలైటు వచ్చును. అట్టివే దినుసులను జాగ్రత్తగ నడిపినచో నాలుగు పలకలు గుండ్రముగ కూడి చిన్న పాత్రవంటి వలయమగును. గ్రీకున పాత్రయను అర్థము గల మాటనుండి కాలిక్సరీను అను పేరు వచ్చినది. ఈ పాత్ర అంచునకు తగిన చేతులు కట్టినచో, ఒక లోహము వచ్చి కూర్చుండగనే పాత్ర వెలుగును చిమ్మునట్లు చేయవచ్చును. యశదము, పాదరసము వంటి లోహములను గుర్తుపట్టు ఇట్టి అణువులను వారి వర్గము నిర్మించినది. నీటిలో కంటికి కనబడని పాదరసమును పట్టి చూపు అణువు ఎంత విలువైనదో వేరుగ చెప్పనక్కరలేదు.

పంజరమన్నందుకు అందులో బందీ ఉండవలెను. తెల్ల భాస్వరము గాలి సోకినంతనే మండును; దానిని నీటిలో ముంచియుంతురు. ఇంగ్లండునందలి కేంబ్రిడ్జిలో జొనాథన్ నిచ్‌కె వర్గమువారు 2009లో నాలుగు మూలల నాలుగు ఇనుములు, ఆరు అంచుల ఆరు లైగాండులు గల పంజరమును కట్టి, అందులో తెల్ల భాస్వరపు అణువును బంధించిరి. అట్లు బంధించినదానిని గాలిలో నుంచినను మండలేదు. పంజరపు కమ్మీల నడుమనుండి ఆమ్లజని లోనికి పోలేక కాదు. పోగలదు. కాని భాస్వరము ఆమ్లజనితో కలిసినచో పుట్టవలసిన అణువు ఆ పంజరమున పట్టదు. పుట్టుటకు చోటులేనందున మంటయే పుట్టలేదు! బెంజీనును చేర్చినచో అది పంజరమున ప్రవేశించి భాస్వరమును వెడలించును.

ఇప్పుడు రాబ్సన్ వద్దకు. 1974లో మెల్బోర్న్ విశ్వవిద్యాలయమున మొదటి యేటి విద్యార్థులకు స్ఫటికముల నిర్మాణమును చూపుటకై ఆయన చెక్కబంతులను, కమ్మీలను సిద్ధము చేయించుచుండెను. బంతులకు ఎచ్చటెచ్చట రంధ్రములు పొడువవలెనో వడ్రంగిపనివారికి గుర్తులు పెట్టి యీయవలసి వచ్చెను. రంధ్రములు పొడిచిన బంతులు తిరిగి రాగా కమ్మీలతో కూర్చి చూచెను. ఆశ్చర్యము! రంధ్రములు సరియైన కోణమున నున్నచో, కూర్చువాడు ఆలోచింపకున్నను సరియైన ఆకారమే వచ్చుచుండెను. పథకమంతయు రంధ్రములందే యున్నది. బంతికి బదులు లోహమును, కమ్మీకి బదులు లైగాండును ఉంచినచో? పదేండ్లకు పైగ ఆ ఊహను మనసున ఉంచుకొని, పిమ్మట ప్రయత్నించి, 1989లో రాగితోను, నాలుగు చేతుల అణువుతోను వజ్రపు కట్టడమును పోలిన, అంతులేకుండ సాగు చట్రమును ప్రకటించెను. దాని లోపల పెద్ద పెద్ద ఖాళీ గదులుండెను.

జపానులో సుసుము కితగావా, అమెరికాలో ఒమర్ యాఘి ఈ మార్గమున మరింత ముందునకు పోయిరి. యాఘి వర్గము 1999లో కట్టిన చట్రపు మూలలందున్న గుంపు ఏది? ఒక ఆమ్లజని చుట్టు నాలుగు యశదములు. కెనడా గిన్నె నడుమ తమంత తాము చేరినట్టివే! ఒకచోట గిన్నె అడుగు, ఒకచోట చట్రపు మూల, గుంపు ఒక్కటే. ఆ చట్రమును ఒక గ్రాము తీసికొని లోపలి గోడలన్నియు పరచినచో సుమారు 2900 చదరపు మీటర్లు, అనగా మన లెక్కకు దాదాపు 29 గుంటల నేల. ఇట్టి చట్రములలో కొన్నింటితో ఎడారి గాలిలోని తేమను రాత్రివేళ పట్టి పగటి ఎండకు నీరుగ పిండుచున్నారు. 2025వ సంవత్సరపు రసాయన శాస్త్ర నోబెల్ బహుమానము రాబ్సన్, కితగావా, యాఘి అను మువ్వురకు లభించెను. రాబ్సన్‌కు అప్పటికి 88 ఏండ్లు.

ఆసక్తి గల విద్యార్థులు ఈ రంధ్రముల సంగతిని ఇంటనే పరీక్షింపవచ్చును. మన చేలలోని నల్లరేగడి మట్టిని తడిపి నిమ్మకాయలంత ఉండలు ఇరువది చేయుడు. పదింటికి నాలుగు రంధ్రములు ఒకే చుట్టున, సమదూరమున పొడువుడు. తక్కిన పదింటికి ఒకటి నెత్తిన, మూడు క్రింది వైపున, నాలుగును ఒండొంటికి సమదూరమున నుండునట్లు పొడువుడు. నీడను ఆరనిచ్చి, చీపురుపుల్లలను సమానముగ విరిచి రంధ్రములందు గ్రుచ్చి కూర్చుడు. మొదటి పది ఉండలు చాపవలె చదునుగ పరచుకొనును. రెండవ పది పైకి లేచి నడుమ గదులతో చట్రము కట్టును. మట్టి ఒక్కటే, పుల్లలు ఒక్కటే, కూర్చిన చేయియు ఒక్కటే.